గోడమీద బొమ్మ, గోడ పక్కన మనిషి

మ్యూజియం గురించి రాసేటప్పుడు మనవాళ్లు సాధారణంగా బొమ్మల గురించి రాస్తారు. ఇంకొంచెం ముందుకు వెళ్లినవాళ్లు ఆ బొమ్మలు ఎవరి డబ్బుతో కొన్నవి, ఏ దేశం నుంచి ఎత్తుకొచ్చినవి అని అడుగుతారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. కాని మూడో ప్రశ్న ఒకటి ఉంది. దాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఆ భవనంలో ఏ ఉద్యోగం ఎవరికి ఇచ్చారు? బొమ్మ పక్కన అంటించిన వివరణ చీటీ రాసేది ఎవరు? ఆ చీటీ పక్కన పొద్దస్తమానం నిలబడేది ఎవరు?

ఇది ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వ్యవహారం, సాహిత్య విమర్శ పత్రికలో దీనికి చోటెందుకు అని కొందరు మిత్రులు అనవచ్చు. నేను ఒప్పుకోను. మ్యూజియం చేసే మొట్టమొదటి కళావిమర్శ గోడమీద జరగదు, ఉద్యోగ నియామకంలో జరుగుతుంది. ఏది గొప్ప చిత్రం, ఏది గోదాములో పడి ఉండవలసిన చిత్రం అని తేల్చే మనిషిని ఎంచుకోవడంతోనే ఆ తీర్పు సగం రాసేసినట్టు. ఆ వివరణ చీటీ కూడా ఒక రచనే. దానికి రచయిత ఉంటాడు, సంతకం ఉండదు. సంతకం లేని రచనను జనం అభిప్రాయంగా చదవరు, సత్యంగా చదువుతారు. అందువల్ల ఆ రచయిత ఎవరో, అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన పద్ధతి ఏమిటో విచారించడం విమర్శకుడి పనిలో భాగమే.

అమెరికా కళా మ్యూజియాల ఉదాహరణ తీసుకుంటాను. అక్కడ ఈ ప్రశ్న బయటపడినంత స్పష్టంగా మరెక్కడా బయటపడలేదు.

నల్లజాతి కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ 1991లో 'గార్డెడ్ వ్యూ' అనే శిల్ప సముదాయం తయారు చేశాడు. బట్టల దుకాణంలో నిలబెట్టే బొమ్మల్లాంటివి నాలుగు. ఒంటి రంగు నలుపు, తలలు లేవు. ఒక్కొక్క దానికి న్యూయార్క్‌లోని ఒక్కొక్క మ్యూజియం కాపలాదారు యూనిఫారం తొడిగాడు: మెట్రోపాలిటన్, మోమా, విట్నీ, జ్యూయిష్ మ్యూజియం. అంతే. అందులో అలంకారం లేదు, ప్రతీకల చిక్కుముడి లేదు. మ్యూజియంలోకి వచ్చే సందర్శకుడు గోడమీద నల్ల మనిషి గీసిన బొమ్మను చూడడు, గోడ పక్కన నల్ల మనిషి నిలబడి ఉన్నా చూడడు. తల లేకపోవడం ఆ గార్డు లోపం కాదు, చూసేవాడి చూపులోని లోపం.

విల్సన్‌కు ఈ సంగతి పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. చదువుకునే రోజుల్లో అతను ఒక మ్యూజియంలో గార్డుగా పనిచేశాడు. తర్వాత విట్నీ మ్యూజియం వాళ్లు అతన్ని ప్రసంగానికి పిలిచినప్పుడు, ముందు అందరితో మామూలుగా పరిచయాలు చేసుకుని, పైన గ్యాలరీలో కలుద్దామని చెప్పి వెళ్లి, గార్డు యూనిఫారం వేసుకుని నిలబడ్డాడు. కాసేపటి కింద అతనితో కబుర్లు చెప్పినవాళ్లే అతని ముందు నుంచి నడిచిపోయారు, గుర్తు పట్టలేదు. అది వాళ్ల దుర్మార్గం అనుకోవడం తేలిక. నిజానికి అది ఉద్యోగ విభజన నేర్పిన చూపు. మన దగ్గర ఊరికీ వాడకూ మధ్య గీసిన గీత మనుషుల కళ్లకు ఏం నేర్పిందో తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కరలేదు.

ఆ నాలుగు బొమ్మలు చెప్పినదానికి 2015లో అంకెలు దొరికాయి. మెల్లన్ ఫౌండేషన్ అమెరికా కళా మ్యూజియాల ఉద్యోగుల గురించి ఒక సర్వే ప్రచురించింది. క్యురేటర్లు, చిత్రాల సంరక్షకులు, బోధకులు, ఉన్నతాధికారులు, అంటే ఏది చూపాలి, ఎలా చూపాలి అని నిర్ణయించే వర్గంలో తెల్లజాతివారు 84 శాతం. నల్లజాతివారు 4 శాతం. భద్రత, భవన నిర్వహణ విభాగాల్లో మాత్రం ఈ లెక్క వేరు. అక్కడ నల్లజాతివారికీ, స్పానిష్ మూలాలవారికీ కావలసినంత చోటుంది. గుగ్గెన్‌హైమ్ సంస్థ పుట్టింది 1937లో. అందులో మొదటి పూర్తికాల నల్లజాతి క్యురేటర్ నియామకం జరిగింది 2019లో. ఎనభై రెండేళ్ల పాటు అర్హుడైన మనిషి ఒక్కడూ ఆ దేశంలో పుట్టలేదని నమ్మాలా?

అర్హత అనే మాట దగ్గర మనం కొంచెం ఆగాలి. ఏ మ్యూజియమూ తన నియామక ప్రకటనలో జాతి గురించి రాయదు. కళాచరిత్రలో ఉన్నత పట్టా అడుగుతుంది, అనుభవం అడుగుతుంది. అనుభవం సంపాదించాలంటే ముందు ఇంటర్న్‌గా చేరాలి. చాలాకాలం ఆ ఇంటర్న్‌షిప్‌లకు అనేకచోట్ల జీతం లేదు. ఇంటర్న్‌లకు డబ్బు ఇవ్వాలని అమెరికా మ్యూజియం డైరెక్టర్ల సంఘం సభ్య సంస్థలకు తీర్మానం ద్వారా చెప్పవలసి వచ్చింది, అదీ 2019లో. న్యూయార్క్ లాంటి నగరంలో అద్దె కట్టుకుంటూ ఆర్నెల్లు ఉచితంగా పనిచేయగలవాడెవడు? తండ్రి ఇచ్చే డబ్బు ఉన్నవాడు. అంటే తలుపు మీద జాతి పేరు రాయలేదు, వర్గం పేరూ రాయలేదు. తలుపు ముందున్న మెట్లను మాత్రం అందరి కాళ్లకూ అందని ఎత్తున కట్టారు. అదే 2019లో మ్యూజియం ఉద్యోగులు కొందరు తమ తమ జీతాలు వివరంగా రాసి ఒక ఉమ్మడి పట్టికగా బయటపెట్టారు. వేలమంది అందులో తమ అంకెలు చేర్చారు. జీతం చెప్పుకోవడం అమర్యాద అని నేర్పిన రంగంలో అది చిన్న తిరుగుబాటే.

ఇక్కడ మనకు పరిచయమైన ఒక చర్చ వస్తుంది. 2018లో బ్రుక్లిన్ మ్యూజియం ఆఫ్రికా కళా విభాగానికి ఒక తెల్లజాతి యువ పండితురాలిని నియమించింది. నిరసనలు వచ్చాయి. ఆ రంగంలోని పండితులు కొందరు ఆమె అర్హతలు చూపి సమర్థించారు. ఈ రెండు పక్షాల వాదనలు చదువుతుంటే, దళిత సాహిత్యం గురించి 1990లలో మన పత్రికల్లో సాగిన వాదోపవాదాలు గుర్తుకు రాక మానవు. అనుభవం ఉన్నవాడే రాయాలా, సానుభూతి ఉంటే చాలదా? నా అభిప్రాయంలో బ్రుక్లిన్‌లో రెండు పక్షాలూ ఒక వ్యక్తి మీద దృష్టి పెట్టి ప్రశ్నను కుంచించాయి. ఆ పండితురాలు సమర్థురాలే కావచ్చు. ఆమెను నిలదీసి ప్రయోజనం లేదు. ఆమె ఎక్కివచ్చిన మెట్లు ఎవరెవరికి అందాయి, ఎవరికి అందలేదు అన్నదే అడగవలసిన ప్రశ్న. సహానుభూతి అక్కరలేదని ఎవరూ అనరు. కాని సహానుభూతి గలవారికే ఉద్యోగాలన్నీ దక్కి, అనుభవం గలవారికి కాపలా మిగిలితే, ఆ సహానుభూతిని అనుమానించే హక్కు రెండోవారికి ఉంటుంది.

ఈ నేపథ్యంలో బాల్టిమోర్‌కు వద్దాం. మేరీలాండ్ రాష్ట్రంలోని ఈ ఓడరేవు నగరంలో పదిమందిలో ఆరుగురు నల్లజాతివారు. 1914లో స్థాపించిన బాల్టిమోర్ కళా మ్యూజియం అక్కడ ఉంది. 2006 నుంచి ప్రవేశం ఉచితం. దాని కీర్తికి మూలం క్లారిబెల్, ఎట్టా కోన్ అనే అక్కాచెల్లెళ్ల సేకరణ. హెన్రీ మాటిస్ కృతులు వెయ్యికి పైగా ఉన్నాయక్కడ. ఆ అక్కాచెల్లెళ్ల ఆదాయం వచ్చింది కుటుంబ వ్యాపారం నుంచి. వాళ్ల అన్నదమ్ములు నార్త్ కరొలైనాలో నడిపిన గుడ్డ మిల్లులు జీన్స్ గుడ్డకు పేరుపడ్డవి. మాటిస్ రంగుల వెనక మగ్గాల మోత ఉందన్నమాట. అయినా ఆ సేకరణను మిల్లుల లాభం అని కొట్టిపారేయడం మోటు విమర్శ. ఆ ఇద్దరు స్త్రీలకు నిజమైన చూపు ఉంది. చూపును తీర్చిదిద్దుకోవడానికి పారిస్ ప్రయాణాలు, తీరిక, కొనే శక్తి కావాలి. వాటిని మిల్లులు ఇచ్చాయి. మిల్లులో పనిచేసినవాడికి చూపు లేదని కాదు, తీరిక లేదు.

ఈ మ్యూజియం ఇటీవలి సంవత్సరాల్లో తన గోడలను మార్చడానికి నిజంగానే ప్రయత్నించింది. 2018లో పేరున్న తెల్లజాతి పురుష చిత్రకారుల కృతులు కొన్ని అమ్మి, ఆ డబ్బుతో స్త్రీల, నల్లజాతి కళాకారుల కృతులు కొన్నది. 2020 ఏడాది అంతా స్త్రీల కృతులే కొంటామని ప్రకటించింది. మెచ్చుకోదగినవే. కాని అదే 2020లో అసలు పరీక్ష వచ్చింది. ఆండీ వార్హోల్ 'ది లాస్ట్ సప్పర్', క్లిఫర్డ్ స్టిల్, బ్రైస్ మార్డెన్ చిత్రాలు, మొత్తం మూడింటిని అమ్మి ఆరున్నర కోట్ల డాలర్లు సమకూర్చాలని మ్యూజియం తలపెట్టింది. ఆ డబ్బు ఇచ్చే రాబడిలో నుంచి, ఇతర ఖర్చులతో పాటు, గార్డులతో సహా ఉద్యోగుల జీతాలు పెంచుతామన్నది. కరోనా కాలంలో డైరెక్టర్ల సంఘం అమ్మకాల నిబంధనలను రెండేళ్లపాటు సడలించింది కాబట్టి ఆ ఆలోచన సాధ్యమైంది. మాజీ ట్రస్టీలు, దాతలు, విమర్శకులు కొందరు మండిపడ్డారు. అక్టోబర్‌లో వేలానికి కొద్ది గంటల ముందు అమ్మకం ఆగిపోయింది.

ఆ అమ్మకాన్ని వ్యతిరేకించినవాళ్లంతా స్వార్థపరులు కాదు. ప్రజల కోసం దాచిన కళాసంపదను ఒక్కసారి ప్రైవేటు చేతుల్లో పెడితే అది తిరిగి రాదు. నేనూ ఆ అమ్మకాన్ని సమర్థించలేను. కాని గమనించవలసింది మరొకటి ఉంది. బొమ్మ అమ్మి బొమ్మ కొన్న 2018లో ఇంత గొడవ లేదు. బొమ్మ అమ్మి మనిషికి కూలి ఇస్తామన్నప్పుడే వృత్తి నియమాలు గుర్తొచ్చాయి. మరి గార్డు కూలికి వార్హోల్ బొమ్మ తప్ప వేరే దారి లేనట్టు మాట్లాడింది ఎవరు? యాజమాన్యం. జీతం మామూలు ఖర్చు. దాన్ని మామూలు బడ్జెట్‌లోనే చూపాలి. బొమ్మా, కూలీ తక్కెడలో చెరోవైపు పెట్టి, ప్రజలను ఏదో ఒకటి ఎంచుకోమనడం న్యాయమైన ప్రశ్న కాదు. ఆ తక్కెడ పట్టుకున్న చేతులు ఎవరివో ఆ చర్చలో ఎవరూ అడగలేదు.

2022 మార్చిలో అదే మ్యూజియంలో 'గార్డింగ్ ది ఆర్ట్' ప్రదర్శన మొదలైంది. పదిహేడుమంది గార్డులు సేకరణలో నుంచి తమకు నచ్చిన కృతులు ఎంచుకున్నారు. అమర్చారు. వాటి గురించి తామే రాశారు. ప్రదర్శనకు పుస్తకం కూడా వచ్చింది. లౌరీ స్టోక్స్ సిమ్స్ అనే ప్రసిద్ధ నల్లజాతి కళాచరిత్రకారిణి వాళ్లకు తోడ్పడింది.

ఎంపికలు చూస్తే విమర్శకుడిగా నాకు సంతోషం కలుగుతుంది. ఒక గార్డు శాస్త్రీయ గాన విద్యార్థి. ఈ చిత్రం పాడగలిగితే ఎలా పాడుతుంది అన్న ప్రశ్నతో అతను చిత్రాలు వెతికాడు. హేల్ వుడ్రఫ్ 1928లో ఫ్రాన్సులో గీసిన ప్రకృతి దృశ్యం అలా అతని చేతికి వచ్చింది. మరొక గార్డు జేన్ ఫ్రాంక్ చిత్రాన్ని ఎంచుకుంది. ఈమె బాల్టిమోర్ చిత్రకారిణి, ఆ ఊరి ఆడబిడ్డ. ఆమె బొమ్మ దశాబ్దాలుగా గోదాములో ఉంది. దాన్ని గోడమీదికి తేవడానికి అధికారంలో ఉన్న క్యురేటర్లకు ఇన్నేళ్లు తోచలేదు, గార్డుకు తోచింది. ఇంకొకరు రాత్కో చిత్రం తీసుకున్నారు. మరొకరు ఐరోపావాళ్లు రాకముందటి అమెరికా ఖండపు శిల్పాలు తీసుకున్నారు. మరొకరు నల్లజాతి చిత్రకారిణి మికలీన్ థామస్ కొత్త చిత్రం తీసుకున్నారు. ఒకే అభిరుచి కాదు, ఒకే రాజకీయం కాదు. శ్రామికుడు అనగానే పిడికిలి బొమ్మే ఎంచుకుంటాడని భావించే మన మిత్రులకు ఇది మంచి పాఠం.

ఇందులో ఒక విమర్శ సూత్రం కూడా ఉంది. మ్యూజియంకు వచ్చేవాడు ఒక చిత్రం ముందు ఎక్కువసేపు నిలబడడు. పండితుడు దాన్ని ఫొటోల్లో, పత్రాల్లో చదువుతాడు. గార్డు దానితో నెలలు గడుపుతాడు. ఉదయపు వెలుతురులో, మబ్బుపట్టిన మధ్యాహ్నం, జనం లేని సోమవారం లాంటి రోజుల్లో దాన్ని చూస్తాడు. పిల్లలు ఎక్కడ ఆగుతారో, పెద్దలు ఏది చూసి నవ్వుతారో అతనికి తెలుసు. పాఠకుల స్పందన గురించి మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంతాలు చెబుతాం. ఆ స్పందనకు ప్రతిరోజూ సాక్షి అయినవాణ్ణి మాత్రం నోరు మూసుకుని నిలబడమంటాం.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని ప్రశంస దగ్గర ఆగిపోతే మనం విమర్శకులం కాము. ఈ ప్రదర్శన ఆలోచన గార్డుల నుంచి వచ్చింది కాదు. ఒక ట్రస్టీకీ, అప్పటి ప్రధాన క్యురేటర్ ఆస్మా నయీమ్‌కూ మధ్య మాటల్లో పుట్టింది. నయీమ్ 2023లో అదే మ్యూజియం డైరెక్టర్ అయ్యారు. ఆమె చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. అయితే పైనుంచి ఇచ్చిన అవకాశానికి గడువు ఉంటుంది. జూలైలో ప్రదర్శన ముగిసింది, బొమ్మలు దిగాయి. గార్డు కళను చదవగలడని మ్యూజియం తానే నిరూపించింది. మరి ఆ నిరూపణ నియామక నిబంధనల్లో ఏ వాక్యాన్ని మార్చింది? గార్డుగా అయిదేళ్ల అనుభవం క్యురేటర్ విభాగంలో ప్రవేశానికి అర్హతగా లెక్కకు వస్తుందా? లెక్కకు వచ్చేలా రాయకపోతే, ప్రదర్శన ఎంత అందంగా ఉన్నా, అది ఒక పండుగ రోజు మాత్రమే. పండుగనాడు పాలేరును పక్కన కూర్చోబెట్టుకుని భోంచేసే దొరలు మన కథల్లోనూ ఉన్నారు.

దీనికి జవాబు పైనుంచి రాలేదు, కిందినుంచి వచ్చింది. ప్రదర్శన ముగిసిన ఆ 2022 జూలైలోనే మ్యూజియం ఉద్యోగులు యూనియన్‌కు ఓటు వేశారు. వాళ్లు కోరింది గార్డులూ, క్యురేటర్ విభాగంవాళ్లూ, తక్కిన సిబ్బందీ అందరూ ఒకే యూనియన్‌లో ఉండాలని. ఇది వినడానికి మామూలు కోరికలా ఉంటుంది. కాని అమెరికాలో 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ఇందుకు అడ్డం. యజమాని ఆస్తిని తక్కిన ఉద్యోగుల నుంచి, ఇతరుల నుంచి కాపాడేవాడే గార్డు అని ఆ చట్టం నిర్వచిస్తుంది. అందువల్ల అతన్ని ఇతర ఉద్యోగులతో కలిపిన బృందాన్ని కేంద్ర కార్మిక బోర్డు యూనియన్‌గా ధృవీకరించకూడదు. సమ్మె వచ్చినరోజు గార్డు యజమాని పక్షాన నిలబడాలన్నది చట్టం ఊహ. బొమ్మ పక్కన నిలబడేవాడికీ, బొమ్మ గురించి రాసేవాడికీ మధ్య గోడ కేవలం అలవాటు కాదు, అక్షరాలా శాసనం. విల్సన్ తల లేని బొమ్మలకు ఇంతకు మించిన వ్యాఖ్యానం లేదు. అందుకే నా దృష్టిలో బాల్టిమోర్‌లో ఆ ఏడాది జరిగిన ముఖ్యమైన కళాసంఘటన ఆ ప్రదర్శన ఒక్కటే కాదు, ఆ ఓటు కూడా.

ఇక మన సంగతి. మన పరిస్థితి వేరు. వేరుగా ఉండడానికి కారణం మన రాజ్యాంగం. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో ప్రజలకు తెరుచుకుంది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యంగల సంస్థ అయింది. ఒక నవాబు సొంత సేకరణ అలా ప్రజల ఆస్తి అయింది. ప్రభుత్వ ఉద్యోగాలకు 16వ అధికరణం సమానావకాశం హామీ ఇస్తుంది. అందులోని నాలుగో క్లాజు వెనకబడిన వర్గాలకు రిజర్వేషన్లు కల్పించే అధికారం ఇస్తుంది. ఖాళీలు బహిరంగంగా ప్రకటించాలి. అర్హతలు ముందే చెప్పాలి. సమాచార హక్కు చట్టం వచ్చిన 2005 నుంచి ఎన్ని పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఎవరితో నింపారు అని ఏ పౌరుడైనా అడగవచ్చు. అమెరికా గార్డులు ఓటు వేసి సంపాదించుకోవలసి వచ్చినవి కొన్ని మనకు కాగితం మీద ముందే ఉన్నాయి.

కాని ఆ కాగితం చిరుగుతున్న సంగతి కూడా చూడాలి. ప్రభుత్వ సంస్థల్లో రెగ్యులర్ పోస్టు ఖాళీ అయితే దాన్ని నింపకుండా, పనిని ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మనుషులతో చేయించుకునే పద్ధతి ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. మొదట ఊడ్చేవాళ్లు, తర్వాత కాపలావాళ్లు, ఆ తర్వాత గుమాస్తాలు. ఏజెన్సీ ద్వారా వచ్చినవాడికి సర్వీసు రిజిస్టరు లేదు. పదోన్నతి అనే మాటే లేదు. అటెండరుగా చేరి పైకి వచ్చిన మనుషులు మన ఆఫీసుల్లో ఉండేవారు. ఆ మెట్టు విరిచేస్తే, పై పోస్టుల్లో రోస్టరు ఎంత నిక్కచ్చిగా పాటించినా కిందివాడికి దారి మూసుకుపోయినట్టే. అమెరికావాళ్లు కొత్తగా మెట్లు కట్టాలని చూస్తున్న కాలంలో మనం ఉన్న మెట్లు పీకుతున్నాం.

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. ఈ కథ మ్యూజియంలకే పరిమితం అనుకోకండి. సంకలనాలకు సంపాదకులెవరు, పాఠ్యగ్రంథాల సంఘంలో కూర్చునేదెవరు, అకాడమీ పదవులు ఎవరికి అన్న ప్రశ్నలు మనం చాలాకాలంగా అడుగుతున్నాం. ఏ కవి ఉన్నాడు, ఏ కవి లేడు అని లెక్కపెట్టడం మనకు బాగా అలవాటు. ఏరే చేతిని ఎవరు ఏరారు, ఏ అర్హతలు చూసి ఏరారు, ఆ అర్హత సంపాదించడానికి ఎన్ని నెలలు జీతం లేకుండా బతకాలి అని అడగడం మనకింకా అలవాటు కాలేదు. మ్యూజియం కేటలాగును చదివినంత శ్రద్ధగా మ్యూజియం నియామక ప్రకటననూ చదవాలి. రెండూ ఒకే గ్రంథానికి రెండు సంపుటాలు.

అందుకు రచయితల సంఘాలుగా మనం అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వ మ్యూజియాల్లో ఖాళీలు ఏటా ప్రకటించి నింపాలి. శిక్షణలో ఉన్నవారికి బతకడానికి చాలినంత జీతం ఇవ్వాలి. గ్యాలరీలో పనిచేసిన అనుభవాన్ని పై పోస్టులకు అర్హతల్లో చేర్చి, చదువుకోదలచిన గార్డుకు సెలవూ ఖర్చూ ఇవ్వాలి. కాంట్రాక్టు కాపలాదారును మ్యూజియం ఉద్యోగిగా గుర్తించాలి. అప్పుడు మాత్రమే గోడమీద ఎవరి బొమ్మ పెట్టాలన్న చర్చకు, గోడ పక్కన నిలబడ్డ మనిషి కూడా తన మాటతో రాగలుగుతాడు.